పై అంతస్తు ఆశ, కింది అంతస్తు ఉక్క

తెలుగు ఊళ్లలో ఏ వీధిలోకి వెళ్లినా డాబాల మీద పిల్లర్ల నుంచి పైకి పొడుచుకొచ్చిన ఇనుప ఊచలు కనిపిస్తాయి. కొన్నింటికి తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూసి ఉంటాయి, కొన్నింటికి ఖాళీ నీళ్ల సీసాలు బోర్లించి ఉంటాయి, చాలావాటికి ఏమీ ఉండదు. అబ్బాయికి ఉద్యోగం వచ్చాక, అమ్మాయి పెళ్లయ్యాక, ఎప్పుడో ఒకప్పుడు పైన ఇంకో అంతస్తు వేద్దామన్న ఆశకు గుర్తులవి. ఆ అంతస్తు కొన్ని ఇళ్లకు వస్తుంది, చాలా ఇళ్లకు రాదు. ఈలోగా పాతికేళ్లపాటు ఏటా మూడు నెలలు ఇంటిల్లిపాదీ ఆ స్లాబు కింద ఉడికిపోతుంటారు.

మనవాళ్లు స్లాబును కప్పుగా కొనడం లేదు, రాబోయే అంతస్తుకు నేలగా కొంటున్నారు. ఆ లెక్కన చూస్తే దానికి పోటీయే లేదు. పెంకు మీదా రేకు మీదా మరో ఇల్లు లేవదు. కానీ పైన ఎప్పటికీ కట్టని ఇంటికి ఆ లెక్క తప్పు. ఇంటి కప్పుకు ఏం వాడాలన్న చర్చలో ధర గురించి, మన్నిక గురించి, అందం గురించి గంటలు మాట్లాడతారు గానీ, పైన కడతామా కట్టమా అన్న దగ్గర ఎవరూ ఆగరు.

ఆగని చోటు ఇంకొకటుంది. కప్పు గురించి మనం అడిగే మొదటి ప్రశ్న ‘కారుతుందా?’ అని. ‘కాలుతుందా?’ అని అడిగేవాళ్లు తక్కువ. మన దగ్గర వాన పడే రోజుల కంటే ఎండ కాసే రోజులే ఎన్నో రెట్లు ఎక్కువ. రెంటచింతల, రామగుండం పేర్లు ప్రతి మే నెలలోనూ పేపర్లలో చూస్తూనే ఉంటాం. 2015 మే ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఒక అంతస్తు ఇంట్లోకి వచ్చే వేడిలో పెద్ద వాటా కప్పు నుంచే దిగుతుంది. గోడల మీద ఎండ వాలుగా పడితే, కప్పు మీద నడినెత్తిన పడుతుంది.

ముందు స్లాబు సంగతే చూద్దాం, ఇప్పుడు కట్టే ఇళ్లలో ఎక్కువ భాగం అవే కాబట్టి. ఘనమీటరు ఆర్‌సీసీ బరువు రెండున్నర టన్నులు. 600 చదరపుటడుగుల ఇంటికి ఐదంగుళాల స్లాబు పోస్తే తల మీద 17 టన్నులు ఎక్కినట్టు. అంత ముద్ద పగలంతా ఎండను తాగుతుంది, పొద్దు వాలాక దాన్ని మెల్లగా ఇంట్లోకి వదులుతుంది. మధ్యాహ్నం స్లాబు ఇల్లు ఓర్చుకోదగ్గట్టే ఉండి, రాత్రి ఎనిమిదింటికి మొదలై తెల్లవారుజాము దాకా ఫ్యాను వేడిగాలి కొట్టడానికి కారణం ఇది. హైదరాబాదులో అయినా విజయవాడలో అయినా అద్దె ఇల్లు వెతికేవాళ్లు ‘పైన ఇంకో అంతస్తు ఉందా?’ అని అడిగేది ఊరికే కాదు.

అయినా స్లాబు గెలవడానికి బలమైన కారణాలు ఉన్నాయి. కోతులు పీకలేవు, దొంగ దిగలేడు, నిప్పు అంటుకోదు. మిరపకాయలు, వడియాలు, అప్పడాలు ఎండేది దాని మీదే. వాటర్ ట్యాంకు నిలబడేది దాని మీదే. సంబంధాలు చూసేటప్పుడు ‘డాబా ఇల్లే’ అన్న ముక్కకు ఉన్న విలువ సరేసరి. ప్రభుత్వాలూ అటే మొగ్గాయి. తెలంగాణలో 5 లక్షల సాయంతో కట్టే ఇందిరమ్మ ఇంటికి కనీసం 400 చదరపుటడుగులు, పైన ఆర్‌సీసీ స్లాబు ఉండాలన్నది నిబంధన.

అన్నిటికంటే పెద్ద కారణం గాలి. తుపాను గాలి కప్పును కిందికి నొక్కదు, పైకి పీకుతుంది. మన గాలి ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విశాఖపట్నం, విజయవాడల్లో లెక్కకు తీసుకోవాల్సిన వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదులో 44. సెకనుకు 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల ఒత్తిడి తెస్తుంది. కలర్ రేకు బరువు చదరపు మీటరుకు 5 కిలోలు, మంగళూరు పెంకుది 40 చుట్టుపక్కల, ఐదంగుళాల స్లాబుది 300 పైచిలుకు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు రేకులు ఎందుకు ఎగిరిపోయాయో, డాబాలు ఎందుకు నిలిచాయో ఈ మూడు అంకెలే చెబుతాయి. ఇక ఉప్పెన వచ్చే చోట స్లాబు అంటే ఎక్కి ప్రాణం కాపాడుకునే అరుగు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనను చూసినవాళ్లకు ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు. సముద్రం దగ్గర కడుతున్నారా, స్లాబే వేసుకోండి. అక్కడ నాకు రెండో అభిప్రాయం లేదు.

అయితే సముద్రం దగ్గరే స్లాబు తొందరగా పాడవుతుంది కూడా. ఉప్పుగాలి కాంక్రీటులోకి ఇంకి ఊచను పట్టుకుంటుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు పరిమాణానికి రెట్టింపుకు మించి ఉబ్బి, కింది కాంక్రీటును పెచ్చులుగా తోసేస్తుంది. ఊచకూ బయటి గాలికీ మధ్య ఎంత కాంక్రీటు ఉందన్నదే ఆ స్లాబు ఆయుష్షు. మామూలు చోట 20 మిల్లీమీటర్లు చాలు. తీరగాలికి ఎదురుగా ఉండే కాంక్రీటుకు 45 ఉండాలని కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. పని జరిగే చోట జరిగేది వేరు. ఊచలు అల్లాక వాటి కింద కవర్ బ్లాకులు పెట్టాలి. మేస్త్రిని అడిగితే ‘చిప్స్ పెడతాంలే సార్’ అంటాడు. కంకర రాయి పెడతారు. మిల్లర్ నుంచి కాంక్రీటు మోసుకొచ్చే కూలీలు ఊచల మీద అటూ ఇటూ నడిచేసరికి ఆ రాళ్లు పక్కకు జారిపోతాయి, ఊచ సెంట్రింగు రేకు మీదికి దిగిపోతుంది. సాయంత్రం ఇంటాయన స్లాబు పడిందన్న సంబరంలో పనివాళ్లకు మాంసం భోజనం పెడుతుంటాడు. పదిహేనేళ్ల తర్వాత మంచం మీద రాలబోయే పెచ్చు ఆ మధ్యాహ్నమే ఖాయమైపోయింది.

నీళ్లు కూడా తప్పుడు వేళలో వాడతారు. కాంక్రీటు సులువుగా జారాలని కలిపేటప్పుడు జావలా చేస్తారు, గట్టిపడ్డాక తడపాల్సిన రోజుల్లో పిసినారితనం చూపిస్తారు. ఎండాకాలంలో మామూలు సిమెంటుకు 10 రోజులు, బజారులో ఎక్కువగా దొరికే పీపీసీ రకం సిమెంటుకు 14 రోజులు తడి ఆరకూడదు. స్లాబు మీద గట్లు పోసి మడులు కట్టి నీళ్లు నిలిపే పాత పద్ధతిని మించింది లేదు. పైప్ పట్టుకుని పూటకోసారి చిలకరించడం పద్ధతే కాదు.

ఇక పెంకుటిల్లు. నా మొగ్గు ఇటువైపే, ముందే చెప్పేస్తున్నాను. పాత గూనపెంకు చేసే పని చూడ ముచ్చటగా ఉండేది. కుమ్మరి సారె మీద ఒక పక్క వెడల్పుగా, ఒక పక్క సన్నగా ఉండే గొట్టాన్ని లేపి, పచ్చిగా ఉండగానే నిలువునా గాటు పెట్టి రెండు చేసేవాడు. కాల్చాక ఒక వరస వెల్లకిలా, దాని సందుల మీద మరో వరస బోర్లా పరిస్తే కప్పు. పెంకుకూ పెంకుకూ మధ్య సన్నటి ఖాళీలు. వేడెక్కిన గాలి వాటిలోంచే పైకి పోతుంది, మేకు గానీ సిమెంటు గానీ అక్కర్లేదు. లోపమల్లా ఏటా తొలకరికి ముందు ఒకడు పైకెక్కి పెంకు సర్దాల్సిందే.

మంగళూరులో బాసెల్ మిషన్ 1865లో పెట్టిన కార్ఖానా నుంచి వచ్చిన గాడి పెంకు ఆ అవస్థను తగ్గించింది. పెంకు పెంకులోకి కొక్కెంలా కూర్చుంటుంది, చదరపు మీటరుకు పదిహేను చాలు. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో మీరు చూసేవి ఎక్కువగా అవే. ముప్పై డిగ్రీలకు అటూ ఇటూ వాలు ఇవ్వాలి. వాలు తగ్గిస్తే గాలివానకు నీళ్లు వెనక్కి తన్ని లోపలికి వస్తాయి, కారుతోందని పెంకును తిడతారు.

పెంకును ఓడించింది స్లాబు ఒక్కటే కాదు. దూలాలకు, వాసాలకు కలప ధర అందకుండా పోయింది, చెదలు ఉండనే ఉన్నాయి. పెంకు సర్దే మనిషి పట్నం పోయాడు. అడవి తరిగాక ఊళ్ల మీద పడ్డ కోతులు మిగిలింది కానిచ్చాయి. పెంకు లేపి లోపలికి దిగడం వాటికి నిమిషం పని. తెలంగాణ పల్లెల్లో పెంకుటిల్లు విప్పి రేకులు వేసినవాళ్లను ఎందుకని అడిగి చూడండి, మొదట వచ్చే జవాబు కోతులే. కలప సమస్యకు మందు దొరికింది: ఇనుప గొట్టాల ఫ్రేమ్ కట్టి, దాని మీద పెంకు పరిచి, కింద పలకల సీలింగు వేసుకోవచ్చు. పెంకుకూ సీలింగుకూ మధ్య గాలి ఆడే ఖాళీ ఉన్న ఇల్లు ఏప్రిల్ రాత్రుల్లో స్లాబు ఇంటి కంటే ఎంత హాయో పడుకుని చూస్తేనే తెలుస్తుంది. కోతులకు మాత్రం పెంకు కింద ఇనుప జాలీ తప్ప మార్గం లేదు.

కొత్త విల్లాల్లో ఒక వింత చూస్తున్నాం. వాలుగా స్లాబు పోసి, దాని మీద పెంకును సిమెంటుతో అతికిస్తారు. పెంకు కింద గాలి ఆడదు, కాంక్రీటు వేడి ఎక్కడికీ పోదు, పగిలిన పెంకు కిందికి చేరిన నీరు బయటపడే దారి ఉండదు. రెండింటి ఖర్చూ పెట్టి రెండింటి లాభమూ వదులుకోవడం ఇది. అమెరికా నుంచి వచ్చినవాళ్లు అడుగుతున్న తారు షింగిల్స్‌దీ ఇంచుమించు అదే కథ. అక్కడ చెక్క మీద వేస్తారు, ఇక్కడ స్లాబు మీద అతికిస్తారు. నల్లటి కప్పు మన ఎండకు ఎవరికి కావాలి?

రేకుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే డబ్బు లేనివాడి చివరి మజిలీ అదే. సిమెంటు రేకుల చరిత్రలో హైదరాబాదుకు పెద్ద వాటా ఉంది. 1940లలో మొదలైన హైదరాబాద్ ఆస్బెస్టాస్ కంపెనీ ‘చార్మినార్’ రేకులు దేశమంతటికీ తెలుసు. ఆ రేకులో ఆస్బెస్టాస్ నార పదో వంతుకు మించదు, కానీ ప్రమాదమంతా ఆ కొంచెంలోనే ఉంది. తెల్ల ఆస్బెస్టాస్‌తో సహా అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. అమెరికా 2024 మార్చిలో తెల్ల రకాన్ని కూడా నిషేధించింది. మన దేశంలో కొత్త తవ్వకం లీజులు 1986 నుంచి ఆపేశారు గానీ దిగుమతి, తయారీ నడుస్తూనే ఉన్నాయి. పీల్చిన నార రోగంగా బయటపడటానికి ఇరవై నుంచి నలభై ఏళ్లు పడుతుంది. అందుకే సుప్రీంకోర్టు 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు కనీసం 40 ఏళ్లు భద్రపరచాలంది. ఇళ్లకు రేకులు కోసే మనిషికి ఏ రికార్డూ లేదు. ముక్కుకు గుడ్డ కూడా ఉండదు.

ఇప్పటికే ఆ రేకులు ఉన్నవాళ్లు కంగారుపడి పీకించొద్దు. చెక్కుచెదరని రేకు నుంచి నార పెద్దగా లేవదు. కోసినా, విరగ్గొట్టినా, రంధ్రాలు వేసినా, నాచు పోవాలని గీకినా లేస్తుంది. తీయాల్సి వస్తే బాగా తడిపి, బోల్టులు విప్పి, ముక్క కాకుండా దించాలి. విరిగిన ముక్కలను గతుకుల్లో పోసి తొక్కించడం మన ఊళ్లలో మామూలు పని, అది వెంటనే మానాలి. కొత్త ఇంటికైతే ఆస్బెస్టాస్ రేకు వద్దు. ఆ నార లేని ఫైబర్ సిమెంటు రేకులూ వచ్చాయి, ధర ఎక్కువైనా అవే నయం.

కలర్ రేకు స్వభావం స్లాబుకు సరిగ్గా తలకిందులు. పలచన కాబట్టి పొద్దెక్కగానే కాలుతుంది, పొద్దుగూకగానే చల్లారుతుంది. పగలు పనికి పోయి రాత్రి ఇల్లు చేరే దంపతులకు రేకుల ఇల్లు స్లాబు కంటే నయమనిపించడంలో ఆశ్చర్యం లేదు. మధ్యాహ్నం రెండింటికి అదే రేకు కింద మంచంలో ఉండే ముసలమ్మను, బాలింతను అడిగితే జవాబు వేరు. కప్పు ఎంచుకునేటప్పుడు ఆ ఇంట్లో ఏ వేళ ఎవరుంటారో కూడా లెక్కలోకి రావాలి. గోడ ఎనిమిది అడుగులకు ఆపకుండా పదికి లేపితే, గోడ పైభాగంలో ఎదురెదురు కంతలు వదిలితే చాలా మార్పు వస్తుంది. రేకు మీద తాటాకు, కొబ్బరి మట్టలు పరవడం, సొరపాదు పాకించడం బీదవాళ్లు కనిపెట్టిన మంచి ఉపాయాలు. డబ్బు ఉంటే రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన పఫ్ ప్యానెల్ మంచి సరుకు, వేడినీ వాన చప్పుడునూ రెంటినీ ఆపుతుంది. కొట్లో అడగాల్సింది రంగు గురించి కాదు, మందం గురించి. 0.35 మిల్లీమీటర్ల రేకుకూ 0.50 రేకుకూ కంటికి తేడా కనిపించదు, మొదటి గాలిదుమారానికి కనిపిస్తుంది. ఇక స్క్రూలు అంచుల్లో, మూలల్లో దగ్గర దగ్గరగా పడాలి, గాలి పట్టు దొరికించుకునేది అక్కడే. మీద రాళ్లు, ఇసుక మూటలు పెట్టడం ఆ పని చేయదు. రేకుతోపాటు ఆ రాళ్లూ ఎగురుతాయి.

పాత కప్పుల్లో తాటాకును మించిన చల్లదనం దేనికీ లేదు. ఒకే మందంలో చూస్తే కాంక్రీటు పంపే వేడిలో గడ్డీ ఆకూ పంపేది ఇరవయ్యో వంతు. ఉత్తరాంధ్ర తీరంలో జాలరుల చుట్టిళ్ల కప్పు శంఖంలా దిగి చూరు నేలకు అందేంత కిందికి ఉండేది, గాలికి పట్టు దొరికేది కాదు. కానీ రెండు మూడేళ్లకోసారి తిరిగి నేయాలి, ఏ వేసవిలో ఏ నిప్పురవ్వ పడుతుందో తెలియదు. పూరిళ్లు కాలిన వార్త లేని ఎండాకాలం ఉండదు. పెరట్లో పాకకు సరే, పిల్లలు పడుకునే ఇంటికి నేను చెప్పను.

రాయలసీమ మట్టి మిద్దె తెలివైన కట్టడం. దూలాలు, వాటి మీద దంతెలు, కట్టెలు, ఆకు, ఆపైన చౌడు మట్టి. వాన తక్కువ పడే నేలకు అది అతికినట్టు సరిపోయింది. బరువు మాత్రం కాంక్రీటును మించుతుంది. అడుగు మందం మట్టి చదరపు మీటరుకు 500 కిలోల దాకా తూగుతుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. ఏటా కొత్త చౌడు పోసేవాళ్లు లేక, కింద దూలం పుచ్చి, ముసురు పట్టిన రాత్రి మనుషుల మీద కూలుతున్నవి ఈ మిద్దెలే. అలాంటి ఇంట్లో ఉంటున్నవాళ్లు వానల ముందు దూలం గోడలోకి దిగే చోట పొడిచి చూసుకోవాలి, పుచ్చేది ముందు అక్కడే. బేతంచర్ల, తాండూరు వైపు బండల మిద్దెలు, టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో దిమ్మిస కొట్టిన మద్రాసు టెర్రస్‌లు గట్టివే. ఉన్నవాటిని కాపాడుకోవడం తప్ప, ఆ కలపా ఆ పనివాళ్లూ ఇప్పుడు మామూలు ఇంటికి దొరకడం లేదు.

స్లాబు తప్పదనుకున్నవాళ్లు దాన్ని చల్లబరిచే దారులు చూడాలి. ఫిల్లర్ స్లాబు ఒకటి. స్లాబు కింది భాగంలో లాగుడును మోసేది ఊచే, అక్కడి కాంక్రీటు కాదు. ఊచల మధ్య గళ్లలో మంగళూరు పెంకులు రెండేసి బోర్లించి పోస్తే కాంక్రీటు ఆదా, మధ్యలో చిక్కిన గాలి వల్ల వేడి తగ్గుదల. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. మన మేస్త్రీలు భయపడతారు, ఇంజనీరుతో లెక్క వేయించుకుంటే భయం అక్కర్లేదు. సోలార్ పలకలు ఇంకొకటి. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. కరెంటుతోపాటు, పలకలు కప్పినంత మేర స్లాబు మీద నీడ. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలని, 600 గజాలు దాటిన ఇళ్లకు అది తప్పనిసరని చెప్పింది. కానీ ఉక్క ఎక్కువ అనుభవించేది అరవై, డెబ్బై గజాల ఇళ్లవాళ్లు. వాళ్లకు ఆ నిబంధన వర్తించదు.

కాబట్టి పునాది తీయకముందే ఇంట్లో అందరూ కూర్చుని పైన కడతామో లేదో తేల్చుకోండి. కడతామంటే స్లాబు. తీరంలో ఉన్నా స్లాబే. లోపలి జిల్లాల్లో, సొంత జాగాలో, ఒక్క అంతస్తుతో సరిపెట్టుకునేవాళ్లకు ఇనుప ఫ్రేమ్ మీద పెంకు, కింద సీలింగు. చేతిలో డబ్బు తక్కువైతే మందపాటి రేకు, ఎత్తు గోడ. ఇప్పటికే స్లాబు కింద ఉన్నవాళ్లు దాని మీద తెల్ల సున్నం జిగురు కలిపి రెండు పూతలు వేయించుకుంటే ఇంట్లో రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తగ్గుతుంది. వానాకాలానికి అది కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేయాలి. ఫిబ్రవరిలోనే వేయించండి. ఏప్రిల్ వస్తే ఆ స్లాబు మీద నిలబడి బ్రష్ పట్టే మనిషి దొరకడు.